కాలని కాగితం

ఆఫీసరు ఇచ్చిన కాగితాన్ని ఇస్త్రీ అక్క ఇస్త్రీపెట్టెతో కాల్చేసిందని వీధంతా కోడై కూస్తోంది. కుళాయి దగ్గర మొదలైన ఆ మాట, బిందె నిండేలోపు ఆఫీసరు చెయ్యి కూడా కాల్చేసింది. ఆమెకు చాటుగా ఇంగ్లీషు నేర్పిన లాయరొకడు ఉన్నాడని మరో కూత. కూసే నోళ్లకు వాతలు పెట్టాలి! పదకొండేళ్లుగా ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఒక్క కాలరు మాడ్చని మనిషి కాగితం కాలుస్తుందా?

ఆమె చదివింది మూడో తరగతి. పనిలో చేరిన రోజు సూపర్‌వైజరు ఆవిరి గొట్టం కారే మూల చూపించి, "టెంపరరీగా ఇక్కడ నిలబడమ్మా" అన్నాడు. అర్థం ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారని రోషం. మాట చెవిన పడేసుకుని, తర్వాత ఏం జరుగుతుందో చూసేది. ఇప్పటికీ అదే మూల, అదే గొట్టం. మోచేతి మీద బొబ్బల మచ్చలు మాత్రం పెరిగాయి. టెంపరరీ అంటే ఏమిటో ఆమె కాళ్లకు తెలుసు. ఒక ఎండాకాలం ఇస్త్రీవాళ్ల ఫ్యాను ఊడదీసి ఆఫీసు గదికి మోసుకెళ్తూ, "కాస్త అడ్జస్ట్ అవ్వండి" అన్నారు. అప్పటినుంచి ఆ మాట వినపడితే చాలు, తన వస్తువులు దగ్గరికి లాక్కునేది.

"వాలంటరీ" మాత్రం గోడ మీద నేర్చుకుంది. ఆదివారం పనికి వచ్చేవాళ్ల పేర్ల పైన ఆ మాట పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఉండేది. "ఇష్టమున్నవాళ్లే రండి" అనేవాడు సూపర్‌వైజరు. బిడ్డకు జ్వరమని బొత్తాలు కుట్టే పిల్ల ఒక ఆదివారం రాలేదు. సోమవారం గేటు దగ్గర ఆ పిల్ల హాజరు కార్డు లేదు, పని ఊడింది. కొన్నాళ్లకు మడతలు పెట్టే ఆవిడ కార్డూ అలాగే మాయమైంది. అక్క పళ్లు పటపటా కొరికింది. కానీ ఇంట్లో బడికి పోయే పిల్లలిద్దరు, నోరు మూసుకుంది. ఆ అక్షరాల వరస మాత్రం కళ్లలో అచ్చు పడిపోయింది.

మొన్న కొత్త ఇస్త్రీ యంత్రాలు దిగాయి. ఆఫీసరు ఆ విభాగంలోని పన్నెండు మందినీ నిలబెట్టి తలా ఒక కాగితం పంచాడు.

"ఏం లేదమ్మా, ఊరికే ఫార్మాలిటీ. కొత్త మిషన్ల ట్రైనింగుకి. ఓ సంతకం పడేసి పనికి వెళ్లిపోండి."

అక్క కాగితం పైన చూసింది. గోడ మీది మాటే.

"సార్, ఇది ఆదివారం లిస్టు మీది మాట కదా?"

"నీకెందుకమ్మా అవన్నీ? పెద్ద చదువుకున్నదానిలా..."

"బొత్తాల పిల్ల పని పోయింది ఈ మాటకే. మడతలావిడ పని పోయిందీ ఈ మాటకే. ట్రైనింగుకి ఈ మాటెందుకు సార్? మా అంతట మేమే పని మానేస్తున్నామని కదా ఇందులో రాశారు? కాదంటే, మీ బిడ్డల మీద ఒట్టేసి చెప్పండి!"

ఆఫీసరు మెడ నిమురుకున్నాడు తప్ప ఒట్టు వెయ్యలేదు. అప్పటికే కలాలు పట్టుకున్న నలుగురూ వాటిని కింద పెట్టేశారు.

అక్క కాగితాన్ని బల్ల మీద పరిచింది. ముడతలు పోయేలా ఇస్త్రీ చేసి, చొక్కాలా మడిచి ఆయన చేతికిచ్చింది.

"ఇష్టమున్నవాళ్లేనని మీవాళ్లే చెప్పేవారుగా. నాకిష్టం లేదు."

కాగితం మీద గోధుమరంగు మచ్చయినా పడలేదు. మర్నాడు పన్నెండు కార్డులూ గేటు దగ్గరే ఉన్నాయి.

ఇంత జరిగినా కుళాయి దగ్గరి నోళ్లు మూతపడవే! చివరికి పక్కింటి పిన్ని ఉండబట్టలేక, పని నుంచి వస్తున్న అక్కను గుమ్మంలోనే పట్టుకుంది.

"నిజం చెప్పవే, నీకు ఇంగ్లీషు నేర్పిన ఆ లాయరెవరు?"

చెప్పులు విడుస్తున్నదల్లా ఆగింది అక్క.

"లాయరా! ఫ్యాక్టరీవాళ్లే నేర్పారు పిన్నీ. ఒక్క మాటకి ఇద్దరు మనుషుల్ని బయటికి గెంటి మరీ నేర్పారు. మర్చిపోతానా?"