రెండు కాళ్లూ సమానమే

డాక్టరు గారు నాకు ఏమేం మందులు రాశారో మర్చిపోయాను గానీ, మా ఆవిడకు అప్పజెప్పిన పని మాత్రం బాగా గుర్తుంది. రోజూ సాయంత్రం నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్ల బొటనవేళ్ల మీదా చెరో చెయ్యి వేసి నొక్కాలి. నేను వేళ్లను పైకి లేపాలి. రెండూ ఒకే బలంతో లేస్తున్నంత కాలం ఆపరేషన్‌కి తొందర లేదు, ఎడమది తగ్గినట్టు అనిపిస్తే మాత్రం ఆ రోజే రండి అన్నారు. ఆ మాట నన్ను చూసి కాకుండా ఆవిడను చూసి చెప్పారు. నా వాలకం అప్పటికే అర్థమై ఉంటుంది.

నేను బందరు, గుడివాడల మధ్య బస్సు నడిపేవాణ్ణి. నడుంలో నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య డిస్కు జారి, ఎడమకాలికి వెళ్లే నరాన్ని నొక్కుతోందని స్కానింగులో తేలింది. పిరుదు దగ్గర మొదలైన నొప్పి పిక్క దాటి పాదం దాకా సలిపేది. తుమ్ము వస్తోందంటే వణుకు పుట్టేది. నిలబడితే కొంత నయం, కూర్చుంటే నరకం. నాదేమో కూర్చుని చేసే ఉద్యోగం.

నడుం నొప్పి అన్నానో లేదో, డిపోలో ప్రతివాడూ డాక్టరైపోయాడు. బెల్టు కట్టమన్నది ఒకరు, నేల మీద పడుకోమన్నది ఇంకొకరు. ఒకాయన పట్టుబట్టి దివిసీమలో, అవనిగడ్డ అవతల ఉన్న నాటువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఆముదం రాసి, జిల్లేడాకులు వేడి చేసి కట్టు కట్టాడు. హాయిగానే ఉంది, తిరుగు ప్రయాణంలో మొదటి గుంత వచ్చేదాకా. గుడివాడలో ఫిజియోథెరపీ అమ్మాయి బోర్లా పడుకుని ఛాతీ ఎత్తమంది, నెల రోజులు ఎత్తాను. వెన్నులో ఇచ్చిన ఇంజెక్షన్ ఆరు వారాలు పనిచేసింది. ఆ ఆరు వారాలూ నేను మళ్లీ మనిషినయ్యాను. ఇక మిగిలింది ఆపరేషనే.

కత్తికి నేను భయపడలేదు. మా డిపోలో నాకంటే పెద్ద డ్రైవరు ఒకాయన ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా బావా అని పిలిచేవాణ్ణి. ఆయన నడుముకి ఆపరేషన్ అయ్యాక మళ్లీ స్టీరింగ్ ఇవ్వలేదు. గేటు దగ్గర కుర్చీ వేశారు. వచ్చే బస్సు నంబరు, పోయే బస్సు నంబరు రాసుకుంటూ కూర్చునేవాడు. నేను బస్సు బయటికి తీస్తుంటే చెయ్యి ఊపేవాడు. ఆ కుర్చీని చూడలేక నేను తల అటు తిప్పుకునేవాణ్ణి. నా భయమంతా ఆ కుర్చీయే.

వానలు మొదలయ్యాక ఎడమ చెప్పు వెనకబడిపోవడం మొదలైంది. రెండడుగులు వేశాక చూసుకుంటే కాలికి ఉండేది కాదు. ఆ వారమే ఒక సాయంత్రం మా ఆవిడ చేతుల కింద ఎడమ వేలు సరిగా లేవలేదు. ఆవిడ ఆ సంగతి పట్టుకునేలోపు నేను కుడివేలిని కూడా వదులు చేశాను. బాగున్న కాలిని బాగాలేని కాలికి సరిపోయేటట్టు తగ్గించాను.

"ఇవాళ నీరసంగా ఉన్నట్టున్నారు. అయినా రెండూ సమానంగానే ఉన్నాయండీ" అని, బియ్యం కడగడానికి వెళ్లిపోయింది.

నా తెలివికి నేనే మురిసిపోయాను. రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అలా మూడు నెలలు రోజూ ఆవిడ చేతుల్లో అబద్ధమాడాను.

బస్సులో ఆ ఆట సాగదు. క్లచ్ మీద పాదం ఉందో లేదో తెలియక కిందికి వంగి చూసుకునేవాణ్ణి. వెనక అరవైమందిని పెట్టుకుని, రోడ్డు చూడాల్సిన మనిషి తన కాలిని వెతుక్కోవడం ఏమిటి? తెలుసు. తెలిసే నడిపాను.

ఒకరోజు మధ్యాహ్నం దారిలో రైల్వే గేటు పడింది. రైలు వెళ్లాక గేర్ వేసి, క్లచ్ తొక్కి పట్టుకుని ఉన్నాను. పాదం అంచు మీదే ఉందని నాకు తెలియలేదు. జారింది. బస్సు ఒక్క ఉదుటున ముందుకు దూకి ఆగిపోయింది. ముందు ఒక పెద్దాయన సైకిల్ మీద పచ్చగడ్డి మోపు పెట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. సైకిల్ వెనక చక్రం బంపర్ కిందికి వెళ్లి నలిగిపోయింది. గడ్డి చెల్లాచెదురైంది. ఆయనకు దెబ్బ తగల్లేదు. నేను దిగి వెళ్తే, తిట్టలేదు.

"బ్రేకు పడలేదా బాబూ?" అన్నాడు.

పడలేదండీ అన్నాను. ఆయన సైకిలెక్కి కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తూ, అప్పుడు కూడా అబద్ధమే చెప్పాను.

ఆ సాయంత్రం కుడివేలిని పూర్తి బలంతో లేపాను. ఎడమది కదల్లేదు. మా ఆవిడ చేతులు అలాగే ఉంచింది.

"ఎన్నాళ్ల నుంచండీ?" అంది.

చెప్పాను. ఆవిడ ఏడవలేదు, కేకలెయ్యలేదు. అది నాకు ఇంకా కష్టమైంది. మర్నాడు డాక్టరు గారు అదే ప్రశ్న వేస్తే నేను నోరు తెరిచేలోపు మూడు నెలలని ఆవిడే చెప్పింది. ఆయన కలం కింద పెట్టారు. నొప్పి పోతుంది, నరం సంగతి మాత్రం చెప్పలేను, మొదట్లోనే వచ్చి ఉంటే బాగుండేది అన్నారు.

ఆపరేషనయ్యాక ఆయన చెప్పినట్టే నొప్పి పోయింది. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని నడుస్తున్నాను. బావ రిటైరయ్యాడు, ఆ కుర్చీలో ఇప్పుడు నేను ఉన్నాను. నంబర్లు రాసుకుంటున్నాను. కుర్రడ్రైవర్లు కొందరు నన్ను చూసి తల అటు తిప్పుకుంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు.

ఆపరేషనై ఏడాది దాటినా, మా ఆవిడ రోజూ సాయంత్రం నా వేళ్ల మీద చేతులు వేస్తూనే ఉంది. నేను శక్తంతా కూడదీసుకుంటాను. ఎడమ వేలు ఎక్కడుందో కూడా నాకు తెలియదు. తలెత్తి చూస్తే కొయ్యలా అలాగే ఉంటుంది.

"ఇవాళ కొంచెం లేచిందండీ" అంటుంది.

నాకూ అలాగే అనిపించింది అంటాను. ఆవిడ లేచి బియ్యం కడగడానికి వెళ్తుంది.