పిల్లల్ని లెక్కవెట్టొద్దంట, నల్లా మాత్రం గావాలె!

కొత్త రాష్ట్రం అయినంక మా నాంపల్లి గల్లీల మంది బాగ పెరిగిన్రు, ఉన్న ఒక్క నల్లా సరిపోతలేదు. ఇంకెంత లావు పైపు వెయ్యాల్నో చూడనీకి ఇయ్యాల ఒక సారు వచ్చి, ఇంట్ల ఎంతమంది అని అడిగిండు.

పిల్లల్ని లెక్కవెడితే దిష్టి తగుల్తదని మా అత్తమ్మ "నలుగురమే" అన్నది. పక్కిండ్లల్ల గూడ గిదే ముచ్చట.

"మరి గల్లీ నిండ గీ పోరగాండ్లు ఎవలమ్మా?"

"ఆడుకోనీకి వచ్చిన్రు సారూ."

నేను నోరు తెరవబోతే అత్తమ్మ కండ్లెర్ర జేసింది. సారు "గింతమందికైతే సన్న పైపు చాలు" అని అబిడ్స్ దిక్కు పోయిండు.

సాయంత్రం ఆ పోరగాండ్లే నల్లా కాడికెళ్లి నీళ్లు మోసుకొచ్చిన్రు. అత్తమ్మ గడపల నిలబడి "మన బిందెలు అన్నీ వచ్చినయా, జర లెక్కవెట్టు" అన్నది.

బిందెలకు తగలని దిష్టి పిల్లలకెట్ల తగుల్తదో నాకైతే సమజ్ గాలే. మీకేమన్న ఎరుకనా?