పది కిలోల తొక్కు, నాలుగు గ్లాసుల ఉప్పు

నాకు నోరు తక్కువ. బస్సులో నా స్టాపు వస్తే "ఆపండి" అనడానికి మొహమాటపడి, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే రకం. అలాంటి నేను ఒక్కటంటే ఒక్క మాట మాట్లాడి పది కిలోల మామిడికాయల్ని నాశనం చేశాను. ఎలాగో చెబుతాను. మీరు మొహమాటం లేకుండా నవ్వుకోవచ్చు.

రెండేళ్ల కిందట నాన్నకు బీపీ ఉందని తేలింది. డాక్టరు గారు "ఉప్పు తగ్గించండి" అన్నారు. నాన్న బుద్ధిగా తల ఊపాడు. ఆ సాయంత్రమే పెరుగన్నంలో ఇంత మామిడికాయ తొక్కు, అదే పచ్చడి, వేసుకుని, "రేపటి నుంచి షురూ చేస్తా" అన్నాడు. ఆ రేపు నెల దాటినా రాలేదు.

ఇక నాన్నను కాపాడే భారం నేనే నెత్తికెత్తుకున్నాను. లైబ్రరీ నుంచి ఆరోగ్యం మీద ఒక లావుపాటి పుస్తకం తెచ్చి, ఉప్పు అధ్యాయాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. ఒంటికి ఉప్పు కావాలి, కానీ కొంచెమే చాలు. అవసరానికి మించినది పచ్చళ్లలో, అప్పడాల్లో, మిక్చర్ పొట్లాల్లో దాక్కుని వస్తుంది అని అందులో ఉంది. ఆ రోజు డైరీలో "శత్రువు జాడీలో ఉన్నాడు" అని రాసుకున్నాను. ఇలాంటి వాక్యం రాసిన మనిషిని ఆ పూట వంటింట్లోకి రానివ్వకూడదు.

రానిచ్చారు. అది తొక్కు పెట్టే గురువారం. మా చిలకలగూడ ఇంట్లో అమ్మ తొక్కు అంటే మాకు మాత్రమే కాదు. సగం జాడీ ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండే మా మేనత్తకు వెళ్తుంది. ఇరవై ఏళ్లలో అమ్మ పెట్టిన తొక్కు ఒక్కసారి కూడా చెడలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు అమ్మ పతకం గెలిచినవాళ్లలా కొంచెం నిటారుగా కూర్చుంటుంది.

అల్లం, వెల్లుల్లి నూరుతూ అమ్మ, "ముక్కలల్ల ఎనిమిది గ్లాసుల ఉప్పు పొయ్యి బిడ్డా" అంది.

నేను నాలుగు పోశాను. దేశాన్ని కాపాడే గూఢచారిలా మిగతా నాలుగూ డబ్బాలోకి తిరిగి జార్చాను.

మూడో రోజు తొక్కు తిరగేసి ఉప్పు చూడాలి. లెక్కప్రకారం అక్కడ దొరికిపోవాలి. కానీ అది శనివారం, అమ్మకు ఒక్కపొద్దు. పొద్దున ఏదీ నోట పెట్టదు.

"నువ్వు జెర నాలిక మీద ఏసుకొని చూడు. ఉప్పు ఎట్లున్నది?"

చూశాను. చప్పగా, ఆసుపత్రి కూరలా ఉంది.

"సరిపోయిందమ్మా," అన్నాను.

నేను చెప్పిన ఆ ఒక్క మాట ఇదే.

పన్నెండో రోజు అత్తయ్య ఫోన్ చేసింది. అమ్మ స్పీకర్ పెట్టింది.

"సుజాతా, ఏమనుకోకు. మూత తీస్తే బుస్సుమన్నది. మీదంత తెల్లగ బూజు."

"మీ ఇంట్ల ఎవరన్న తడి చెయ్యి పెట్టిన్రేమో వదినా."

"నేను తప్ప ఎవ్వరు ముట్టలే."

అమ్మ పరుగున వెళ్లి మా జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పింది. అక్కడ కూడా నురుగు, దాని మీద దూదిలాంటి బూజు. అమ్మ నెమ్మదిగా నాన్న వైపు తిరిగింది.

"తడి చెంచా పెట్టినవా?"

"నేను జాడీ దిక్కు సుత చూడలే."

"ఎన్నడన్న చూడకుండ ఉన్నవా నువ్వు?"

"డాక్టర్ వద్దన్నడు గదనే."

"డాక్టర్ మాట ఎప్పటిసంది ఇంటున్నవ్?"

పాపం, జీవితంలో మొదటిసారి నిజం చెబుతున్న నాన్నను ఎవరూ నమ్మలేదు. ఆయన సాయం కోసం నా వైపు చూశాడు. నేను పుస్తకంలో తల దూర్చాను. పుస్తకం తలకిందులుగా ఉంది.

అంతవరకే అయితే ఈ రహస్యం నాతోనే పోయేది. కానీ సాయంత్రం అమ్మ ఖాళీ జాడీ ముందు కూర్చుని, తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"నా చెయ్యి పోయింది," అంది. "వచ్చే ఏడు సంది కొనుక్కుందాం. వదినకు సుత చెప్తా."

నోటితో చెప్పలేక చీటీ రాశాను: "నాలుగే పోశాను. సరిపోయిందని అబద్ధం చెప్పాను. నాన్న బీపీ కోసం." అమ్మ ఒడిలో పెట్టి, తలుపు చాటున నిలబడ్డాను.

అమ్మ రెండుసార్లు చదివింది.

"ఇట్ల రా. ఉప్పు లేకుంటే తొక్కు నిలుస్తదానే? మీ నాయనకు తగ్గియ్యాలంటే కంచంల తక్కువ ఎయ్యాలె గని, జాడీల తక్కువ పోస్తారే?"

"పుస్తకంలో అది రాయలేదమ్మా."

ఇప్పుడు తిట్లు పడతాయని కళ్లు మూసుకున్నాను. తిట్లు రాలేదు. తెరిచి చూస్తే అమ్మ మొహం వెలిగిపోతోంది, అప్పటికే ఫోన్ చెవి దగ్గరుంది.

"వదినా, నా చెయ్యి మంచిగనే ఉన్నది! ఖరాబైంది మా పిల్ల బుర్ర. రేపే కాయలు తెస్త, మల్ల పెడ్త."

కాబట్టి పాఠకుల సాక్షిగా, తూర్పుకు తిరిగి, శుభ్రంగా తుడుచుకున్న పొడి చేతులతో ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఎవరి ఆరోగ్యాన్నీ వాళ్లకు తెలియకుండా కాపాడను. నాన్నకు తొక్కు అన్నంలో వేలి కొన మేరకే, అది కూడా నా కళ్లెదుటే. ఏదైనా రుచి చూడమంటే ఉన్నదున్నట్టు చెబుతాను. మరీ మొహమాటమేస్తే చీటీ రాసిస్తాను.