రైలు దిగని మాలతి

1988లో నార్కట్‌పల్లి చౌరస్తాలో మాది సైకిల్ టాక్సీ దుకాణం. ఇప్పటి పిల్లలకు టాక్సీ అంటే కారు. అప్పట్లో మా దిక్కు సైకిల్ టాక్సీ అంటే గంటల లెక్కన సైకిళ్ళు కిరాయికిచ్చే దుకాణం. మా అబ్బా, అంటే మా నాన్న, పెట్టింది. నాకు పంచర్లు వేయడం కంటే నవలలు చదవడం ఇష్టం కాబట్టి, ఆయన ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టగానే ఒక గోడకు అరలు కొట్టించి పుస్తకాలు కూడా కిరాయికి పెట్టాను. ఆయన నన్ను ఉర్దూలో తిట్టవలసినంతా తిట్టి, ఆ మర్నాటి నుంచి ఒక్కో పుస్తకం ఇంటికి తెప్పించుకుని నాతో చదివించుకుని వినేవాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు, వినడం మాత్రం మహా ఇష్టం.

మా చౌరస్తాలో ఎప్పుడూ బస్సులు మారే జనం. హైదరాబాదు వైపు పోయేవాళ్ళు, నల్లగొండ పోయేవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సామాన్లకు వచ్చేవాళ్ళు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియని మనిషికి నవల కంటే మంచి తోడు ఏముంటుంది? ఏడాది తిరిగేసరికి సైకిళ్ళ కంటే పుస్తకాలే ఎక్కువ తిరిగాయి.

మా వ్యాపారంలో సీరియల్ బైండింగ్ అని ఒకటుండేది. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను వారం వారం విడదీసి దాచి, కథ ముగిశాక కుట్టించి అట్ట వేయించడం. అచ్చు నవల బజారుకు వచ్చేలోపే మా అరలో పుస్తకం తయారుగా ఉండేది. అట్లా దాచిన ఒక సీరియల్ సగంలో ఆగిపోయింది. రాసేవాళ్ళు ఆపలేదు, పత్రికే మూతపడింది. అందులో నాయిక పేరు మాలతి. తనను అనుమానించిన మొగుడి ముందు తాళంచెవి గుమ్మం మీద పెట్టి ఇల్లు వదిలిన మనిషి. ఆఖరి సంచికలో ఆమె రైలెక్కింది. అంతే. మళ్ళీ దిగలేదు.

జనం ఊరుకుంటారా? "జానీ, మాలతి ఏమైంది?" అని సైకిలు కోసం వచ్చినవాళ్ళు కూడా అడిగేవాళ్ళు. కథ లేకపోతే పోయింది, ఉన్నంత వరకైనా చదువుకుంటారని దాన్ని బైండింగ్ చేయించాను. బైండర్ అలవాటు ప్రకారం చివర కొన్ని తెల్లకాగితాలు కలిపి కుట్టాడు. ఇక చూడండి తమాషా. పుస్తకం బయటికి పోయి వచ్చినప్పుడల్లా ఆ తెల్లకాగితాల మీద ఎవరో ఒకరు మిగతా కథ రాసి పంపేవారు. ఒక బస్సు కండక్టర్ రైలును బోల్తా కొట్టించాడు, ఆయనకు రైళ్ళంటే గిట్టదు మరి. దవాఖానలో కాంపౌండర్ మాలతికి క్యాన్సర్ తెప్పించాడు. ఒక పంతులు ఆమె చేత స్టేషన్లోనే బడి పెట్టించాడు. తెల్లకాగితాలు నిండిపోయాయి, గొడవలు మొదలయ్యాయి, ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేస్తున్నారు. చివరికి నేనే ఒక కాయిదా పెట్టాను. రాసేవాళ్ళు వేరే కాగితాల మీద రాసి నాకియ్యాలి. నేను చదువుతాను. ఆగకుండా చదివించిన దాన్ని పుస్తకం వెనుక కలిపి కుట్టిస్తాను.

చదివి ఏం చెప్పాలి? నేను చదువుకున్నది పదో తరగతి. బాగుందనో బాగలేదనో చెప్పడానికి నేనెవరిని? కానీ కిరాయి పుస్తకాలు తిరిగొచ్చినప్పుడు వాటిని చూసీ చూసీ నాకొక సంగతి తెలిసింది. చదివేవాళ్ళు ఆపిన చోట పేజీ మూల మడుస్తారు. పదిమంది చదివిన పుస్తకంలో ఒకే చోట మడతలు కనబడితే, తప్పు చదివేవాళ్ళది కాదు, అక్కడ కథే నీరసపడిందని అర్థం. కాబట్టి నేనూ అదే చేసేవాణ్ని. ఎక్కడ నా మనసు పక్కకు పోయిందో అక్కడ మూల మడిచి ఇచ్చేవాణ్ని. ఎందుకు మడిచానో అడిగితే చెప్పేవాణ్ని. అడగనివాళ్ళకు చెప్పేవాణ్ని కాదు.

అట్లా అడిగినవాళ్ళలో నాకు ఇప్పటికీ మరపురాని మనిషి సత్తయ్య కాక. నేత పని ఆయనది. మా చౌరస్తాకు కొంత దూరంలో పల్లె. నేసిన చీరలు నల్లగొండలో ఇచ్చి నూలు తెచ్చుకోవడానికి వచ్చినప్పుడల్లా మా దుకాణంలో ఆగేవాడు. మధ్యాహ్నం మగ్గం గుంటలోంచి లేచి బువ్వ తిన్నాక గోడకు ఆనుకుని కాసేపు కథ చదివేవాడట. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా రాట్నాలు తెచ్చుకుని, మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టుకుంటూ వినేవాళ్ళట. ఆ మనిషి ఒక్క పుస్తకం తీసుకుపోతే ఒక వాడంతా చదివినట్టే. కిరాయి మాత్రం ఒక్కరిదే అని నేను ఎగతాళి చేసేవాణ్ని.

ఒకసారి ఆయన చేతిసంచిలోంచి నూలుచిలపల మధ్య నుంచి మడిచిన కాగితాలు తీసి ఇచ్చాడు. "మాలతి కత రాసిన. సూడు జర" అన్నాడు, సిగ్గుపడుతూ. అక్షరాలు నేతలాగే ఒద్దికగా ఉన్నాయి. రైల్లో పక్క సీటు ముసలామె గురించి, కిటికీలోంచి వచ్చే బొగ్గు వాసన గురించి ఎంత బాగా రాశాడని! నేను దుకాణం ముందు నిలబడ్డవాళ్ళను మరిచిపోయి చదివాను. ఆ తర్వాత రైలు స్టేషన్లో ఆగింది. ప్లాట్‌ఫారం మీద మొగుడు నిలబడి ఉన్నాడు. తప్పయిందన్నాడు. మాలతి అతని వెంట ఇంటికి పోయింది. శుభం.

మూల మడిచి ఇచ్చాను.

"ఏంది, గీడ ఎందుకు మడిచినవ్?"

"మొగుడు కనబడంగనే నాకు చదువబుద్ది కాలే కాకా. రైల్లున్నదాక మాలతి నా ముంగట కూసున్నట్టే ఉండె. గీడ దిగంగనే మాయమైంది."

"కత రాసింది నేను. ఏడికి పంపాల్నో నాకెర్కలేదా?"

"కత నీదే. గని తాళంచెవి గుమ్మం మీద పెట్టి వచ్చిన మనిషి, ఎందుకు మళ్ళ పోతాందో నాకు సమజ్ కాలే. గది చెప్తే చదువుతా."

ఆయన కాగితాలు లాక్కున్నంత పని చేసి బస్సెక్కాడు. మళ్ళీ రాడేమో అనుకున్నాను. కానీ తర్వాతి వారమే కొత్త కాగితాలతో వచ్చాడు. ఈసారి మొగుణ్ని బాగా ఏడిపించాడు. ప్లాట్‌ఫారం మీద పడి పొర్లించాడు, తల్లి మీద ఒట్టు పెట్టించాడు. పాపం, పేజీలకు పేజీలు కష్టపడ్డాడు. నేను మళ్ళీ అక్కడే మడిచాను.

"ఇంకేం గావాలె నీకు?" అన్నాడు కోపంగా. "కాళ్ళ మీద వడ్డడు గద!"

"వడ్డడు కాకా, చూసిన. గని వాడు గంత ఏడుస్తుంటే మాలతి ఏం జేస్తాంది? రైలు దిగినకాడికెళ్ళి ఆమె ఒక్క మాట గూడ మాట్లాడలే. ఆమె నోట్లె ఒక్క మాట పెట్టు. అది చదివితే నాకు ఎర్కైతది, పోతదో పోదో."

సత్తయ్య కాక కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నాడు. నేను చాయ్ తెప్పించాను. ఆ చాయ్ చల్లారిపోయాక అసలు సంగతి చెప్పాడు. ఆయన బిడ్డ అండాలు దసరాకు పుట్టింటికి వచ్చి మళ్ళీ అత్తగారింటికి పోలేదు. అల్లుడు చేయి చేసుకుంటాడు. వచ్చినప్పటి నుంచీ మూలకు కూర్చుని కండెలు చుట్టడం తప్ప ఎవరితోనూ మాట లేదు. కథ చదివేటప్పుడు మాత్రం వింటుందట. అందరిలాగే ఆ పిల్ల కూడా ఒకే ఒక్కసారి నోరు తెరిచి, మాలతి ఏమైందని అడిగిందట.

"ఉగాది ఎల్లినంక పెద్దమనుషులు వస్తరు, బిడ్డను తోలుకపోతరు" అన్నాడు. "మెల్లగ మనసు మార్సుకుంటదని గీ కత రాస్తున్న. నేను మొకం మీద చెప్పలేను జానీ. కతల చెప్తే ఇంటది."

అప్పటిదాకా నేను చదివింది కథ అనుకున్నాను. ఆ కాగితాల్లో ఒక ఆడపిల్లను మళ్ళీ తన్నులు తినడానికి సాగనంపుతున్నారని తెలిశాక నోరు మూసుకుని ఎట్లా ఉండను? పోనీ నోరు తెరిచి ఏం చెప్పను? వయసులో ఆయన కొడుకంతవాణ్ని. వాళ్ళ ఇంటి సంగతిలో, వాళ్ళ కులపెద్దల సంగతిలో పుస్తకాలు కిరాయికిచ్చే నా మాట చెల్లదు. లోపల కోపం ఉడుకుతోంది. అయినా నాకు హక్కున్నది ఆ కాగితాల మీద ఒక్కటే. దాని గురించే మాట్లాడాను.

"కాకా, నాకు పెండ్లి గాలే. నువ్వా, మొగోనివి. మాలతి రైలు దిగినంక ఏమంటదో మనిద్దరికీ తెల్వదు. అందుకే ఆమె నోరు లేస్తలేదు. నీ ఇంట్ల గింతమంది ఆడోళ్ళు ఇంటున్నరు గద. చదువుడు ఆపి ఒక్కసారి అడుగు. నువ్వైతే ఏమంటవ్ అని అడుగు."

"ఎవర్ని?"

"ఎవరన్న సరే" అన్నాను. ఇద్దరికీ తెలుసు ఎవర్నో.

ఆయన లేచి, కిరాయికి పుస్తకం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వారాలు గడిచినా రాలేదు. ఉగాది దగ్గరికొస్తోంది. ఆ దిక్కు నుంచి బస్సొచ్చిన ప్రతిసారీ నేను తలెత్తి చూసేవాణ్ని. ఉన్న ఒక్క మంచి పాఠకుణ్ని పోగొట్టుకున్నానని ఒకపక్క, ఆ పిల్ల ఏమైపోయిందోనని ఇంకోపక్క బెంగ. పంచర్ వేస్తున్న ట్యూబు మీద రెండుసార్లు పట్టీ వేసి, ఆ సంగతి ఇంట్లో తెలిశాక అబ్బా చేత తిట్లు తిన్నాను.

పండగ వెళ్ళాక వచ్చాడు. బెంచీ మీద కూర్చుని, నేను అడగకముందే మొదలుపెట్టాడు.

"అడిగిన జానీ. నువ్వన్నట్టే చదువుడు ఆపి, బిడ్డా, మాలతి రైలు దిగి ఏమంటది అని అడిగిన. రాట్నం ఆగింది. అందరు సూస్తున్నరు. ఇగ ఆఖర్కి అన్నది, ముందుగాల నీళ్ళు తాగుతది బాపు, దూప అయితది గద అని."

కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మల్లేమన్నదో ఎర్కేనా? ఎందుకొచ్చినవ్ అని ఎవలూ అడగొద్దనుకుంటది, తిన్నవా అని అడిగితే సాలనుకుంటది అన్నది. నా పానం గిలగిల కొట్టుకున్నది జానీ. దసరా నాడు సంచి వట్టుకొని వాకిట్ల నిలవడితే నేను అడిగిన మొదటి మాట గదే. ఎందుకొచ్చినవ్ అనే అడిగిన. అన్నం సంగతే అడగలే. మా ఇంట్ల ఎవలం అడగలే."

నేనూ ఏడ్చాను. దాచుకోవడానికేముంది, చౌరస్తాలో అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

పెద్దమనుషులు రానే వచ్చారట. అల్లుడు కూడా వచ్చి బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడట. మీ బిడ్డ ఎందుకొచ్చిందో చెప్పుమని సత్తయ్య కాకను అడిగారట. ఆయన, నాకు చెప్పరాదు, ఆమెనే చెప్తది, మీరు ఇనున్రి అని బిడ్డను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడట. అండాలు చెప్పింది. తలొంచుకునే చెప్పింది కానీ మొత్తం చెప్పింది. పెద్దమనుషుల్లో ఒకాయన మధ్యలో అడ్డం రాబోతే, "అయిపోలే, ఆగున్రి" అన్నాడట ఈయన. పోనని ఆ పిల్ల అన్నాక, "నా బిడ్డ పోనంటే పోదు" అని లేచి నిలబడ్డాడట. కులంలో కొన్నాళ్ళు మాటలు పడ్డాడు. పడనీ అన్నాడు.

కాగితాలు అప్పుడు తీసి ఇచ్చాడు. మాలతి రైలు దిగుతుంది. కుళాయి దగ్గర దోసిలి పట్టి నీళ్ళు తాగుతుంది. పక్కన జామపండ్లు అమ్ముకునే ఆమె గంప సర్దుకుంటూ, తిన్నవా బిడ్డా అని అడుగుతుంది. మాలతి ఆమె పక్కన కూర్చుని మాట్లాడడం మొదలుపెడుతుంది. మొగుడు ప్లాట్‌ఫారం మీదికే రాలేదు. నేను మడతపెట్టే చోటు లేకుండా చదివేసి, ఆ రోజే బైండర్ దగ్గరికి పంపాను. మా అబ్బాకు చదివి వినిపిస్తే ఆయన కళ్ళు తుడుచుకుని, ఆ జామపండ్ల ఆమె దగ్గరే ఉండనీ, బాగుంటది అన్నాడు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎంతోమంది రాసుకొచ్చిన కాగితాలు చదివాను. టీవీలొచ్చి దుకాణం మూసేదాకా చదువుతూనే ఉన్నాను. ఎవరికీ ఇట్లా రాయమని చెప్పలేదు. రాసిన మనిషికి ఏం రాయాలో చెబితే అది మన కథ అవుతుంది, వాళ్ళది కాకుండా పోతుంది. ఇందులో నోరు లేని మనిషి ఎవరు, ఆ మనిషిని ఒకసారి అడిగి చూశావా అని మాత్రం అడిగేవాణ్ని. నాకు ఆ ప్రశ్న నేర్పింది ఒక నేతగాడి ఇల్లు.

ఆ ఉగాది వెళ్ళిన ఎండాకాలమే అండాలు తానే నూలు కోసం నల్లగొండ పోతూ మా దుకాణం ముందు ఆగింది. నేను ఆమెను చూడడం అదే మొదలు. బైండింగ్ అయిన పుస్తకం తీసి, చివరి పేజీలు నిలబడే చదివి, నా చేతికిచ్చింది.

"మా బాపు రాసిన మాలతి శాన మాట్లాడుతాంది అన్నా" అంది, నవ్వు ఆపుకుంటూ. "జర తగ్గియ్యమని చెప్పు."

సరే అన్నాను. కానీ సత్తయ్య కాకకు ఆ మాట చెప్పలేదు. అన్నేళ్ళలో చదివినవాళ్ళు చెప్పగా రాసినవాళ్ళకు నేను చేరవేయని అభిప్రాయం అదొక్కటే. మాట్లాడనీ అనుకున్నాను, ఎంతసేపైనా మాట్లాడనీ.