బాబాయి చేర్చిన ఒక్క మాట

ఆ వీధిలో ఉద్యోగం వెతుక్కునే వాళ్లందరికీ ఆయన బాబాయే. జిరాక్స్ కొట్టు వెనక గది, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. అక్కడ కూర్చుని పాతికేళ్లుగా ఊరందరి బయోడేటాలు రాస్తున్నాడు, మొదట్లో టైపు మిషను మీద, ఇప్పుడు కంప్యూటరు మీద. పొగడ్తలంటే చెవి కోసుకుంటాడు, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని గదంతా వెతుకుతాడు, మనసు మాత్రం వెన్న.

ఆయన పద్ధతి ఆయనది. "ఏం పని చేశావు?" అని అడగడు. అలా అడిగితే ఎవరైనా "ఏదోనండీ" అని నీళ్లు నములుతారు. "నువ్వు సెలవు పెట్టిన రోజు అక్కడ ఏం ఆగిపోయింది?" అంటాడు. అప్పుడు చూడాలి, ఎంతటి నోరులేని మనిషైనా కుర్చీ ముందుకు జరుపుకుంటాడు.

ఒక పొద్దున ఒకావిడ వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో పదిహేడేళ్లు పనిచేసిందట. ఆ పని బయటి కంపెనీకి అప్పగించి వీళ్లందరినీ ఇంటికి పంపేశారు. ఒక హోటల్లో లాండ్రీ చూసుకునే ఉద్యోగం ఖాళీగా ఉంది. వయసు నలభై ఎనిమిది. ఇది తప్పిపోతే ఇక తనని ఎవరూ పిలవరని ఆవిడ భయం. చేతిలో ఎక్కడో రాయించుకున్న కాగితం ఉంది.

బాబాయి అది చదివి పక్కన పడేశాడు. "కష్టపడే స్వభావం, నలుగురితో కలిసిపోయే గుణం. ఇది ఊళ్లో సగం మందికి సరిపోతుంది. ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?"

తర్వాత తన ప్రశ్న వేశాడు. ఆవిడ సంచి పట్టీ మెలితిప్పుతూ చెప్పింది. "మా అమ్మాయి పురిటికని నాలుగు రోజులు వెళ్లానండీ. ఆపరేషన్ థియేటరు దుప్పట్లు వార్డు దుప్పట్లలో కలిసిపోయి, రెండు ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. తిరిగొచ్చాక ఆరు వార్డులకీ ఒక్కోదానికి ఒక్కో రంగు దారంతో దుప్పటి మూల కుట్టేశాను. మళ్లీ కలిస్తే ఒట్టు."

"ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"దారం ముక్కే కదండీ!"

బాబాయికి పూనకం వచ్చినంత పనైంది. దారాల సంగతి, ఆరు వార్డుల సంగతి చకచకా ఎక్కించాడు. 'నీ మాట వినేవాళ్లెందరు?' అంటే 'పన్నెండుమంది' అంది. హోటలు ప్రకటనలో సూపర్‌వైజరుగా చేసినవారికి ప్రాధాన్యమని ఉంది. ఇంకేం, 'పన్నెండుమందికి సూపర్‌వైజర్' అని కొట్టేశాడు. ఆవిడ మీద అభిమానంతోనే కొట్టాడు, అందులో అనుమానం లేదు.

సాయంత్రం ఆవిడ మళ్లీ వచ్చింది. "ఇంట్లో మా అమ్మాయి చదివి వినిపించింది బాబాయి గారూ. ఆ సూపర్‌వైజరు మాట తీసేయండి. నేను కాదు."

"పన్నెండుమంది నీ మాట వింటుంటే కాకపోవడమేంటి? ఇది తీసేస్తే నీ కాగితం చూసేవాడే ఉండడు."

"చూడకపోతే పోనీండి. ఆ హోదా ఎవరిచ్చారని అడిగితే నేను తలెత్తుకోలేను."

అప్పుడే టీ తెచ్చిన పిన్ని గ్లాసు బల్ల మీద టక్కున పెట్టింది. "తీసేయండి. ఇంటర్వ్యూలో కూర్చునేది ఆవిడా, మీరా?"

బాబాయి మొహం ముడుచుకున్నాడు. తీసేసిన చోట ఖాళీ చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఆఖరికి, "లాండ్రీ తాళాలు ఎవరి దగ్గరుండేవి?" అనడిగాడు.

"నా దగ్గరేనండీ, తొమ్మిదేళ్లు. మా సూపర్‌వైజరు గారు ఏనాడు వేళకొచ్చారు గనక!"

అదే రాశాడు. 'హోదా లేదు. తొమ్మిదేళ్లు తాళాలు నా దగ్గరే ఉన్నాయి. పైవారు వచ్చేలోగా పన్నెండుమందికి పని పంచేదాన్ని.' రాశాడే గానీ, చేతులారా ఆవిడ అవకాశం చెడగొట్టానని పది రోజులు పిన్నిని సాధించాడు.

పదకొండో రోజు ఆవిడ వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో తన ఎదురుగానే పాత సూపర్‌వైజరుకి ఫోన్ చేసి, తనక్కూడా వినపడేలా పెట్టారట.

"ఆయనేమన్నాడు?"

"'సూపర్‌వైజర్ని నేనేనండీ, ఆవిడ కాదు' అన్నారు. 'కానీ ఆవిడ రాని రోజు నేను కూడా తలుపు బయటే నిలబడేవాణ్ణి' అన్నారు. వాళ్లంతా ఒకటే నవ్వు. అక్కడికక్కడే రేపట్నుంచి రమ్మన్నారు."

బాబాయి నవ్వలేదు. "నా మాట అలాగే ఉండుంటే నీ నోటి దగ్గర కూడు నేనే లాగేసేవాణ్ణి తల్లీ," అన్నాడు.

ఆవిడ కుర్చీ దగ్గరకి జరుపుకుంది. "మీరు నా మీద ప్రేమకొద్దీ రాశారు బాబాయి గారూ. నాకున్నది చాలదేమోనని మీరూ భయపడ్డారు, నేనూ భయపడ్డాను. చాలిందండీ."