మూలుగ బొక్క వంతు

సోమలింగం ఆ మెస్సులో ఒకే ఒక్కసారి అన్యాయం చేశాడు. అదైనా గుట్టుగా చేశాడా అంటే, లేదు. ఊరందరికీ వినపడేలా చేశాడు.

ఉధ్నాలో రైలు పట్టాల వెనక సందులో గంగవ్వ మెస్సు ఉండేది. పెళ్లాం పిల్లల్ని కరీంనగర్ దిక్కు ఊళ్లలో వదిలి, సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బతుకుతున్న ఇరవై ఇద్దరు మగవాళ్లు అక్కడ తినేవారు. వారమంతా పప్పు, చారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మేకమాంసంతో యాటకూర. ఆరు రోజులు అన్నదమ్ముల్లా మెలిగే ఆ ఇరవై ఇద్దరూ ఏడో రోజు కూరగిన్నె మూత తీయగానే దాయాదులైపోయేవారు. వాడికి మెత్తటి తునకలు, నాకు బొక్కలా అని ఒకటే రభస. ఒకసారి ఎవరో విసిరిన స్టీలు పళ్లెం నరహరి నెత్తికి తగిలి సొట్ట పడింది. సొట్ట పడింది పళ్లేనికే, నెత్తికి ఏమీ కాలేదు. ఆ రోజే గంగవ్వ గంటె తీసుకెళ్లి సోమలింగం చేతిలో పెట్టింది.

కారణం అతని కన్ను. వేల పోగుల పడుగులో ఒక్క పోగు తెగితే నాలుగు సాంచాల అవతల నిలబడి పసిగట్టేవాడు. ఆ కన్నుతోనే కూర వడ్డించడం మొదలుపెట్టాడు. పళ్లేలు రెండు వరుసలుగా పరిచి, ఒక్కో దాంట్లో మూడు మెత్తటివి, ఒకటి బొక్కది, మొత్తం నాలుగు తునకలు వేసేవాడు. వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఈ పళ్లెంలోది తీసి ఆ పళ్లెంలో, ఆ పళ్లెంలోది తీసి ఈ పళ్లెంలో మార్చేవాడు.

"అన్నం సల్లగైతాంది బావా!" అని నరహరి అరిచేవాడు.

"న్యాయం జర ఆలస్యంగనే అయితది, కూసో," అనేవాడు సోమలింగం.

ఇక మజ్జ నిండిన ఎముక, అదే మూలుగ బొక్కది ఇంకా పెద్ద సంగతి. ఎంత కూర కొన్నా కసాయి వారానికి ఒక్కటే వేసేవాడు. తినాలని ఇరవై రెండు నాలుకలకూ ఉండేది. సోమలింగం గోడ మీద బొగ్గుతో అందరి పేర్లూ రాసి వంతులు పెట్టాడు. వంతు మార్చుకోవడం లేదు, ఇచ్చిపుచ్చుకోవడం లేదు, ఆ రోజు లేనివాడి వంతు పోయినట్టే. ఒకసారి తన వంతు నాడే అతనికి జ్వరం వచ్చింది. గదిలో ముసుగు తన్ని పడుకుని, అవతల మెస్సులో తర్వాతివాడు బొక్కను పళ్లెం అంచుకు టకటక కొడుతుంటే ఆ చప్పుడు విన్నాడు తప్ప నోరు మెదపలేదు. ఆ దెబ్బతో మెస్సులో అతని మాటకు తిరుగు లేకుండా పోయింది. ఆ గౌరవం అతనికి భార్య ఉత్తరం కంటే తియ్యగా ఉండేది.

దసరా తర్వాత మొండయ్య అనే ముసలాయన వచ్చి చేరాడు. ముప్ఫై ఏళ్లు షోలాపూర్‌లో, భీవండిలో మగ్గాలు నడిపి, ఇప్పుడు చూపు మందగించి ఇక్కడ నూలు కండెలు చుట్టుకుంటున్నాడు. ఆయన పేరు గోడ మీద అన్నింటికంటే కింద పడింది. ప్రతి ఆదివారం గోడ దగ్గరికెళ్లి, ముక్కు ఆనించినంత పని చేసి, వేలుతో పేర్లు లెక్కపెట్టేవాడు.

"ఇంకెన్ని వారాలు బిడ్డా?"

"ఇంకా శానున్నయి పెద్దబాపూ," అని సోమలింగం నవ్వేవాడు. ఇంత వయసొచ్చినా జిహ్వ చావలేదే అనుకునేవాడు.

గోడ మీద మొండయ్య వంతు ఇంకా మూడు వారాలుందనగా, ఒక ఆదివారం ఆయన మూట కట్టుకుని వచ్చి కూర్చున్నాడు. కండెలు సరిగా రావడం లేదని శేఠ్ పని చాలించమన్నాడట. సాయంత్రం బండికి ఊరెళ్లిపోతున్నాడు. మళ్లీ వచ్చేది లేదు. అయినా అలవాటు కొద్దీ గోడ దగ్గరికెళ్లి, మూడు పేర్లు లెక్కపెట్టి, ఏమీ అడగకుండా వచ్చి కూర్చున్నాడు.

సోమలింగం మనసు చివుక్కుమంది. కానీ వంతు వంతే కదా అని గంటె అందుకోబోయాడు. అప్పుడు గంగవ్వ అతన్ని పొయ్యి వెనక్కి పిలిచి, గుమ్మంలో పడుకున్న నల్లకుక్కను చూపించింది.

"గీ కుక్క ఎందుకు బలిసింది, ఎర్కేనా?"

"నాకేమెర్క?"

"ముసలోని నోట్లె ఒక్క పన్ను లేదు. నువ్వు కన్ను మూసి కన్ను తెరిచి ఏసిన నాలుగు తునకలు నాలుగు నెలల సంది గిదే తింటాంది. ఆయన ఉత్త పులుసన్నం తిని లేస్తాండు. మూలుగ ఒక్కటే ఆయన నోటికి తినొస్తది. అందుకే గా గోడ సుట్టు తిరుగుడు."

సోమలింగానికి తల కొట్టేసినట్టయింది. వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును పట్టుకునే కంటికి, ఎదురుగా కూర్చున్న మనిషికి ముప్ఫై రెండు పళ్లూ లేవన్న సంగతి కనపడలేదు. పైగా ఆ మనిషిని చూసి నవ్వాడు కూడా.

కానీ ఆ రోజు వంతు నరహరిది. నరహరి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. అడిగితే ఇస్తాడా? అన్నం కొంచెం చల్లారితేనే సందంతా వినపడేలా అరిచే మనిషి. ఇవ్వడుగాక ఇవ్వడు అని సోమలింగం తీర్మానించుకున్నాడు. మూలుగ బొక్కను మొండయ్య పళ్లెంలో పెట్టి, దాని మీద అన్నం కుప్ప పోసి, ఆ పైన పులుసు పోశాడు.

"బొక్కేది బావా?" అన్నాడు నరహరి తన పళ్లెం చూసుకుని.

"కసాయోడు ఇయ్యాల ఎయ్యలే."

అబద్ధం ఆడి అలవాటు లేని చెవులు రెండూ ఎర్రబడ్డాయి. నరహరి కసాయిని నాలుగు తిట్లు తిట్టి అన్నం కలిపాడు. గండం గడిచిందని సోమలింగం ఊపిరి పీల్చుకున్నాడు.

అంతలో మూల నుంచి వినపడింది. టక్. టక్. టక్.

ఇరవై ఒక్క తలలు ఒకేసారి తిరిగాయి. మొండయ్య కళ్లు మూసుకుని బొక్కను పళ్లెం అంచుకు మెల్లమెల్లగా కొడుతున్నాడు. ముసలి చేతిలో బలం లేదు, మూలుగ రావడం లేదు. నరహరి లేచాడు. సోమలింగం గంటె కింద పెట్టేశాడు. ఇక జన్మలో దాన్ని ముట్టుకునే అర్హత తనకు లేదనుకున్నాడు.

నరహరి వెళ్లి ముసలాయన చేతిలోంచి బొక్క లాక్కున్నాడు. మొండయ్య బెదిరిపోయాడు.

"నీదా కొడుకా? ఎంగిలి జేసిన గద..."

"గంత మెల్లగ కొడితే ఎట్లొస్తది పెద్దబాపూ?" అని నరహరి బొక్కను గడపరాయికేసి ఒక్కటిచ్చాడు. మూలుగ మొత్తం జారి ముసలాయన అన్నంలో పడింది. బొక్క కూడా పళ్లెంలోనే పెట్టేసి సోమలింగం వైపు తిరిగాడు.

"నన్ను అడిగితే ఇయ్యకపోదునా బావా? గంత ఈనంగ కనవడ్డనా నీ కండ్లకు?"

సోమలింగం తల దించుకున్నాడు. "ఇయ్యవనే అనుకున్న."

నరహరి సొట్ట పళ్లెం తగిలిన చోట నెత్తి గోక్కున్నాడు. "ఏమో, ఇయ్యకపోదునేమో గని, ఒక్క మాట అడగాలె గద!"

మొండయ్య మాత్రం ఈ గొడవేదీ పట్టనట్టు మూలుగన్నం కలుపుకుని తిన్నాడు. పళ్లెం నాకినంత పని చేశాడు. ఆయన్ని అలా చూసి సోమలింగానికి ఏడుపొచ్చింది.

"నాకీ గంటె వద్దవ్వా. ఇంకెవలకన్న ఇయ్యి," అన్నాడు గంగవ్వతో.

"మూలుగ బొక్కను సప్పుడు గాకుంట ఎవలన్న తింటరా? గింత తెల్వనోనివి, రేపు దొంగతనం జేసినా దొరికిపోతవ్. నీ అసొంటోడే గంటె పట్టాలె," అని గంగవ్వ మళ్లీ అతని చేతిలోనే పెట్టింది.

అప్పటి నుంచి మెస్సులో కొత్తగా ఎవరు చేరినా సోమలింగం గోడ మీద పేరు రాసే ముందు నోరు తెరవమనేవాడు. పశువుల సంతలో కూడా ఇంతగా చూడరు కదయ్యా అని ఒకరిద్దరు అలిగారు కూడా. నల్లకుక్క నెల తిరిగేసరికి సగమైంది.

రెండు నెలలకు సోమలింగం వంతు వచ్చింది. బొక్కను గంటెలో పట్టుకుని నరహరి ముందు నిలబడ్డాడు. గోడ మీద రాసిన కట్టుబాటును తనే తప్పుతున్నానని తెలుసు. అయినా గొంతు సవరించుకుని, ఆ మెస్సులో మొదటిసారి ఒక మనిషిని అడిగాడు.

"నరహరీ, తింటవా?"

మాట పూర్తయ్యేలోపే బొక్క నరహరి పళ్లెంలో ఉంది.