‘పర్లేదు’ చెల్లని ఆట

ఇవాళ మధ్యాహ్నం గన్నవరంలో కరెంటు పోయింది. మా ఆఫీసు యూపీఎస్ కీచుకీచుమనడం మొదలుపెట్టగానే నా చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది. ఎనిమిదేళ్ల కిందట విజయవాడలో అదే చప్పుడు వింటే ముగ్గురం ఒక్కసారిగా కంప్యూటర్ల మీదికి వంగేవాళ్లం. డ్రాయింగులు సేవ్ చేసుకోవడానికి కాదు, గుహలో మా ప్రాణాలు ఏమయ్యాయో చూసుకోవడానికి.

ఆ ముగ్గురిలో పెద్దావిడ విజయలక్ష్మి మేడం. ఏ స్తంభం ఎంత బరువు మోయగలదో, ఏ శ్లాబులో ఎంత ఇనుము పడాలో తేల్చి చెప్పే చిన్న ఆఫీసు ఆవిడది. యాభై రెండేళ్ల మనిషి, నేత చీర, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ఆవిడ మధ్యాహ్నం క్యారేజీ కడిగేసి మంత్రాలూ రాక్షసులూ ఉన్న వీడియో గేమ్ ఆడతారంటే చేరిన కొత్తలో నేను నమ్మలేదు. వారం తిరక్కుండా నన్నూ దించారు. నేను కత్తి పట్టిన వీరుణ్ణి. డ్రాఫ్ట్స్‌మన్ నాగరాజు గారు విలుకాడు. యజమాని కదా, ఆవిడ ఏ మహారాణో అవుతారనుకున్నాను. ఆవిడ మాత్రం వెనకాల నడుస్తూ గాయాలు మాన్పే వైద్యురాలి పాత్ర తీసుకున్నారు.

ఒకరి ప్రాణం ఎంత మిగిలిందో మిగతావాళ్ల తెర మీద కూడా కనిపించే ఏర్పాటు ఆ ఆటలో ఉండేది. మేడం దాన్ని కావాలనే తీసేశారు. తలుపు తెరిచే ముందు ఎవరి అంకె వాళ్లు నోటితో చెప్పాలి. నూటికి ఎంత ఉంటే అంత. “రేపు సైట్లో నీ నెత్తి మీద అంకె కనపడుద్దా అమ్మా? నువ్వు చెబితేనే కదా నాకు తెలిసేది” అనేవారు. ఇదేం చాదస్తమని లోపల నవ్వుకునేదాన్ని.

ఆరు వారాల లంచ్ గంటలు ఖర్చుపెట్టి చివరి తలుపు దాకా వచ్చాం. ఓడితే మళ్లీ మొదటినుంచే, మధ్యలో ఆగిన చోటు నుంచి లేచే వీల్లేకుండా ఆడుతున్నాం. అప్పటికి నా వీరుడికి మిగిలింది పదకొండు. చెప్పడానికి సిగ్గేసింది. ముందు నడిచేదాన్ని నేను, అంతకుముందు గదిలో అక్కర్లేని సాహసం చేసిందీ నేనే.

“సుధా, నీకెంత?”

“పర్లేదండి మేడం. తెరిచేద్దాం.”

లోపలున్న రాతి రాక్షసుడు ఒక్క దెబ్బ కొట్టాడు. నేను పడ్డాను, నా వెనకాల నాగరాజు గారు, ఆయన వెనకాల మేడం. అంతా కలిపి నిమిషం పట్టలేదు.

“కొత్తపిల్ల కదండీ, మొహమాటపడింది” అన్నారు నాగరాజు గారు నన్ను కాపాడబోతూ.

“ఆ మొహమాటానికి ముగ్గురం పోయాం కదండీ” అన్నారు మేడం. తర్వాత నా వైపు తిరిగారు. “ఓడిపోయినందుకు కాదమ్మా. నా దగ్గర ఒక మంత్రం మిగిలుంది. నువ్వు పర్లేదన్నావని ఆయన కోసం అట్టిపెట్టాను.” ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం బస్సులో తలుచుకుని, ఆట కోసం ఏడుస్తున్నానా అని నా మీద నాకే కోపమొచ్చింది. మన వైపు జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా పర్లేదండి అంటాం, పని చేతకాకపోయినా పర్లేదండి అంటాం. అది మర్యాద అనుకుంటూ పెరిగాను.

మరుసటి ఏడు ఎండాకాలంలో పామర్రు దగ్గర ఒక ధాన్యం గోడౌన్ కప్పు చూసి మేడం, నేను వస్తున్నాం. కారు నేనే నడుపుతున్నాను. ఉయ్యూరు దాటాక మేడం మాట ఆపేశారు. ఏసీ చల్లగా వీస్తున్నా పమిటతో మొహం తుడుచుకుంటున్నారు, ఎడమ భుజం నొక్కుకుంటున్నారు.

“ఏమైంది మేడం?”

“గ్యాస్ అమ్మా. పర్లేదు, పోనీ. ఆఫీసులో మనుషులు కూచునుంటారు.”

నేను పోనిచ్చాను. ఒక కిలోమీటరో, రెండో. ముందు గడ్డి లారీ దారంతా ఆక్రమించి కదులుతోంది. యజమానిని ఎదిరించి ప్రశ్నించే ధైర్యం నాకెప్పుడూ లేదు.

“మేడం, అంకె చెప్పండి.”

ఆవిడ కిటికీలోంచి పొలాల వైపు చూశారు. “నలభై” అన్నారు. కాసేపటికి, బాగా చిన్న గొంతుతో, “కాదులే. ఎనిమిది.”

ఆ లారీని ఎలా దాటానో నాకు గుర్తులేదు. విజయవాడ దాకా వెళ్దామన్నారు, వినలేదు. కంకిపాడులో మొదట కనిపించిన ఆసుపత్రి ముందు ఆపి, చెప్పులు కారులోనే వదిలేసి లోపలికి పరిగెత్తాను. డాక్టరు గారు నాలుక కింద మాత్ర పెట్టి, సూది వేసి, అంబులెన్సు ఎక్కించారు. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేమని తర్వాత అన్నారు. మూడో రోజు ఐసీయూలో మేడం నన్ను చూసి అడిగిన మొదటి మాట, “గోడౌన్ వాళ్లకి రిపోర్టు పంపావా?”

ఆ తర్వాత ఆరేళ్లు బతికారు. నేను గన్నవరంలో సొంత ఆఫీసు పెట్టుకున్నాను. నా దగ్గర పనిచేసేవాళ్లు పర్లేదండి అంటే ఊరుకోను, నూటికి ఎంతో చెప్పమంటాను. వెనకాల నవ్వుకుంటారని తెలుసు. మా అమ్మకైతే విసుగు, “నేనేమన్నా పరీక్ష రాశానా, మార్కులు అడుగుతావు” అంటుంది. ఇదంతా చూసి మేడం నాకు మంచి పాఠం నేర్పారని అందరూ అనుకుంటారు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేశారు. ఊరికే, పలకరించడానికి. ఒంట్లో ఎలా ఉందని అడిగాను. “పర్లేదమ్మా” అన్నారు. మర్నాడు పొద్దున నాగరాజు గారు ఫోన్ చేసి, మేడం నిద్రలోనే పోయారని చెప్పారు. ముందురోజు ఫోన్లో ఆవిడ గొంతు కాస్త నీరసంగా ఉందని నాకు వింటున్నప్పుడే తెలిసింది. కంచంలో అన్నం పెట్టుకుని ఉన్నాను, ఆకలేస్తోంది, అంకె అడిగితే మాట పొడుగవుతుందనుకున్నాను.